ల్యూత్కా తల ఎటు ఊపింది

సెవ్లియెవో, అక్టోబరు 1981

రుసా చెల్లీ,

ఎవరూ పోలేదు. ఆ మాట ముందే రాస్తున్నాను. నా కవరు చూడగానే నీ గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు, నీ కవరు చూస్తే నాదీ అంతే. కాళ్ల నొప్పులు ఉన్నాయి, అవి లేని రోజే కంగారు పడాలి.

నీ కిందటి ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. వరసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేశాయి. కదిలే బండిలో కూర్చుని రాశావా? చెయ్యి వణుకుతోందా? మీ ఆయన మించో పోయాక నీ ఒక్కదానికీ పొయ్యి వెలిగించుకోవడం మానేశావేమోనని నా భయం. రొట్టె, ఉల్లిపాయతో సరిపెట్టుకునే రకం నువ్వు.

ఇప్పుడు అసలు సంగతి. మా జ్లాటినా సోఫియాలో కదిలే బొమ్మల సినిమాలకు బొమ్మలు గీస్తుందని నీకు తెలుసు కదా. ఈసారి పిల్లల కోసం వారం వారం వచ్చే కథ ఒకటి తనే కట్టింది. పేరు "మిరపదండ". ఆదివారం సాయంత్రం పిల్లలు పడుకునే ముందు టీవీలో వేస్తున్నారు. గోడకు ఎండబెట్టిన దండలో ఒక మిరపకాయల కుటుంబం. తల్లి మిరప, పెద్దది కాపియా, రెండోది ల్యూత్కా, చివర ఇంకా పచ్చిగా ఉన్న చంటోడు జెల్చో. మిరపకాయలకు చేతులు ఉండవు కాబట్టి ఏం చెప్పినా తలతోనే, తొడిమ అటూ ఇటూ ఊపుతూ. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

నా భయం ఏమిటంటే, రుసా, ఆ కాపియా నేనే. నెమ్మదస్తురాలు, కారం లేదు, పొద్దస్తమానం "గాలొస్తోంది, దారం గట్టిగా పట్టుకోండర్రా!" అంటూ ఉంటుంది. పక్కింటి నొయికా మొదటి వారమే పట్టేసింది. "అచ్చం నువ్వే గీనా, నీ గొంతు కూడా దొంగిలించింది మీ అమ్మాయి!" అని కడుపు పట్టుకుని నవ్వింది. నేను కాపియా అయితే, అందరి మీదా ఎగిరిపడే ఆ బుల్లి కారపు మిరప ల్యూత్కా ఎవరో నీకు చెప్పక్కర్లేదు. మీ చెక్ టీవీవాళ్లు కూడా కొన్నారట, మీ భాషలో మాట్లాడించి వేస్తారట. నువ్వు చూసి నొచ్చుకుంటావేమోనని నాకు తిండి సయించడం లేదు. జ్లాటినా తన చిన్నప్పుడు నేను చెప్పిన మన కబుర్లన్నీ మనసులో పెట్టుకుంది. నేను గీయమనలేదు.

ఇంకొకటి. మే మొదట్లో వచ్చే గ్యోర్గీ పండుగకల్లా మీ తోట ఖాళీ చెయ్యాలని రాశావు. అక్కడ మేడలు కడతారని. మరి నువ్వు ఎక్కడికి? మీ అబ్బాయి కిరిల్ వాళ్ల నాలుగో అంతస్తు వాటాలోకా? నువ్వు మట్టి తొక్కకుండా బతగ్గలవా? ఇక్కడికి వచ్చెయ్. అమ్మ ఇల్లే కదా, నీకూ అంతే హక్కుంది. ఆలోచించు. ఎక్కువ ఆలోచించకు.

అక్క గీనా


బ్ర్నో, నవంబరు

అక్కా,

నేను తింటున్నాను. చెయ్యి వణకడం లేదు. కాగితం పల్చనిది, అందుకే వరసలు అలా పోయాయి.

మీ మిరపదండ ఇక్కడ కూడా మొదలైంది. ఆదివారాలు కిరిల్ వాళ్లింట్లో భోజనం, తర్వాత పిల్లలతో కూర్చుని చూశాను. హానా నా ఒళ్లో. ల్యూత్కా నోరు తెరిచిందో లేదో, "నానమ్మా, నువ్వే!" అని అరిచింది. మా కోడలు యార్మిలా ఏమందో తెలుసా? "అయ్యో, అత్తయ్య ఇంత కారం కాదే" అంది. దానికి నా సంగతి ఇంకా తెలియదు, పాపం.

నొచ్చుకోలేదు. ఆ కాపియాని చూస్తేనే నాకు ఒళ్లు మండింది. చెల్లెలు ఎండలోకి తిరిగితే వద్దు, నీడలోకి తిరిగితే వద్దు. నువ్వు పక్కన ఉంటే ఆ దండ తెంపి నీ మెడలో వేసేదాన్ని.

రావడం సంగతి తర్వాత మాట్లాడదాం. తోటలో ఇంకా క్యాబేజీ ఉంది.

రుసా


సెవ్లియెవో, డిసెంబరు

రుసా,

అందరం క్షేమం. మంచు ఇంకా పడలేదు, అది ఇంకా దిగులు, పడకపోతే వేసవిలో పురుగు పడుతుంది.

"తర్వాత మాట్లాడదాం" అన్నావు. తర్వాత అంటే ఎప్పుడు? మనం పిల్లలమా? నాకు డెబ్భై దాటాయి, నువ్వూ దగ్గర్లోనే ఉన్నావు. తూర్పు గదికి సున్నం వేయించాను. నీకోసం అని కాదు, వేయించాల్సే ఉంది. నీకోసమే.

ఇక్కడ నిన్న ల్యూత్కా దండ నుంచి జారిపోయింది. నువ్వు ఇంకా చూసి ఉండవు, మీకు కొన్ని వారాలు వెనక. చెబితే కోపమా? చెప్పేస్తాను, కడుపులో ఉంచుకోలేను. తోటమాలి బండి కిందుగా పోతుంటే ల్యూత్కా, "ఇక్కడ వేలాడి వేలాడి ఎండిపోవడమేనా నా బతుకు!" అని దారం విడిచేసి బండిలోకి దూకింది. బండి కొండ దాటిపోయింది. కాపియా ఏడవలేదు. దండలో చెల్లెలి చోటు ఖాళీగా ఉంటే పక్కకు జరిగి దాన్ని పూడ్చింది, గాలి రాకుండా. నువ్వు మించో బండి ఎక్కిన రోజు మన మంచం మీద నీ వైపుకి నేను జరిగి పడుకున్నాను, చల్లగా ఉందని. ఇది జ్లాటినాకు నేనెప్పుడూ చెప్పలేదు. ఎలా తెలిసిందో దానికి.

ఇంకో విశేషం. చంటోడు జెల్చో ఎర్రబడ్డాడు! ఎవరూ ఒక్క మాట అనలేదు. వాడు మేలుకుని తన పొట్ట చూసుకున్నాడు, అంతే. నొయికా మనవలు చప్పట్లు కొట్టారు. అది వచ్చినప్పుడు నువ్వు చూసి తీరాలి.

జ్లాటినాకి ఫోన్ చేసి అడిగాను. "ల్యూత్కా తిరిగొస్తుందా?" అని.

"అమ్మా, అవన్నీ చెప్పకూడదు."

"నీ కన్నతల్లికి కూడానా?"

"నీకైతే అస్సలు చెప్పకూడదు. పొద్దున్నకల్లా సెవ్లియెవో అంతా తెలిసిపోతుంది."

అలా పెంచాను దాన్ని. నీ సమాధానం రాయి. స్పష్టంగా రాయి.

గీనా


బ్ర్నో, జనవరి 1982

అక్కా,

నన్ను అలా మూత పెట్టి ఉడకబెట్టకు. ప్రతి ఉత్తరంలో అదే. సున్నం వేయించావట. నేను పెళ్లికూతుర్నా?

ల్యూత్కా బండి ఎక్కడం చూశాం. హానా అడిగింది, "నానమ్మా, నువ్వూ ఇలాగే దూకావా?" అని. "దూకలేదు, మెట్లు దిగి ఎక్కాను, మంచి బూట్లు వేసుకుని," అన్నాను. జెల్చో బాగున్నాడు, ఇంకా పచ్చిగా, ముద్దుగా.

ఇక్కడ అందరూ నా గురించి నా వెనకే మాట్లాడుకుంటున్నారు. కిరిల్ ఒకటంటాడు, యార్మిలా ఒకటంటుంది, నువ్వు అక్కడినుంచి ఇంకొకటి. వచ్చెయ్, ఉండిపో, ఎక్కు, దిగు. నా వంతు వచ్చేసరికి చెప్పడానికి ఏమీ మిగలట్లేదు.

సరే, ఇలా చేద్దాం. నీ కూతురే కదా మన కథ గీస్తోంది. ఆఖరి వారం ఆ ల్యూత్కా ఏం చేస్తే నేనూ అదే చేస్తాను. అది దండలోకి తిరిగొస్తే నేను సెవ్లియెవో వస్తాను. రాకపోతే నాలుగో అంతస్తు ఎక్కుతాను. ప్రమాణం. కిరిల్‌కి కూడా చెప్పాను, నవ్వాడు. మాట మాటే.

అప్పటిదాకా ఈ ప్రస్తావన ఎత్తకు.

రుసా


సెవ్లియెవో, జనవరి

రుసా,

ఇదేం పని? బతుకు సంగతి మిరపకాయ మీద పెడతావా? నీ ఉత్తరం చదివి కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను, పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నువ్వు చిన్నప్పటి నుంచి ఇంతే. మేడిపండు చెట్టు ఎక్కి "గీనా దిగమంటే దిగను, కాకి అరిస్తే దిగుతాను" అన్నదానివి.

ఇంకొక మాట. జెల్చో ఇంకా పచ్చిగా ఉన్నాడన్నావు. వాడు ఎర్రబడింది ల్యూత్కా దూకిన వారమే. మీకూ అదే వేసి ఉంటారు కదా? అంత ఎర్రగా, గుండీలాగా మెరిశాడు. చూడలేదా? లేక మీవాళ్లు అది కోసేశారా? ఎందుకు కోస్తారు?

జ్లాటినాని బతిమాలాను. "తిరిగొచ్చేలా గీయవే తల్లీ, మీ పిన్ని ప్రాణం మీదికి తెచ్చుకుంది," అని.

"అమ్మా, అయిపోయింది. ఎప్పుడో తీసేశాం. పెట్టెలో పెట్టి పంపేశాం కూడా."

"ఏం చేస్తుందో చెప్పు, సరిపోతుంది."

"చూడు."

కూతుళ్లు, చెల్లెళ్లు అందరూ కలిసి నన్ను ఏం చెయ్యాలని? ఆదివారం వస్తోందంటే శనివారం నుంచే గడియారం చూసుకుంటున్నాను. నొయికా అంటుంది, "గీనా, అది పిల్లల బొమ్మ, పార్లమెంటు కాదు." దానికేం, దాని చెల్లెలు ఎదురు వీధిలోనే ఉంది, రోజూ తిట్టుకుంటారు.

ఆరోగ్యం జాగ్రత్త. మంచు మీద నడవకు.

గీనా


బ్ర్నో, ఫిబ్రవరి

అక్కా,

మా టీవీ నలుపు తెలుపు. జెల్చో ఎర్రబడినా బూడిద రంగే. ఎందుకంత ఆరా?

రుసా


సెవ్లియెవో, ఫిబ్రవరి

రుసా, నా బంగారు రుసా,

అవును అంది! వస్తానంది! చూడు, నా అక్షరాలు కూడా గంతులేస్తున్నాయి.

ఆఖరి వారం ఇవాళే వేశారు. నేను ఒక్కదాన్నే చూడలేనని నొయికా ఇంటికి వెళ్లాను, చేతిలో జపమాల. కాపియా దండ నుంచి తనే దిగింది, రుసా! అంత భయస్తురాలు, గాలికి అరిచేది, బుట్టలో కూర్చుని కొండ దాటి, మంచులో చెల్లెల్ని వెతుక్కుంటూ పోయింది. అక్కడ ల్యూత్కా ఒక కిటికీ గట్టు మీద ఒంటరిగా, కాస్త ముడతలు పడి. అప్పుడు కాపియా అడిగింది, "మళ్లీ మన దండలోకి వస్తావా?" అని. సంగీతం ఆగిపోయింది. ల్యూత్కా మాట్లాడలేదు. తల ఊపింది, నెమ్మదిగా ఒకసారి, తర్వాత గబగబా, విత్తనాలు గలగలమనేలా. అక్కడే అయిపోయింది.

నొయికా ముక్కు చీదుకుంది. నేను చీదుకోలేదు, నేరుగా ఏడ్చాను.

కిరిల్‌తో చెప్పావు కదా, ప్రమాణం చేశావు కదా. ఉన్ని పరుపు విప్పి ఉతికించాను, కొత్తగా కుట్టిస్తున్నాను. మార్చి మొదటి రోజుకు కట్టుకోమని ఎరుపు తెలుపు దారం ఇందులో పెట్టాను, ఎర్రది నేనే పేనాను. కట్టుకుని కొంగలు కనిపించేదాకా విప్పకు. కొంగలొచ్చేసరికి నువ్వూ వచ్చేస్తావు.

ఏ రైలో రాయి.

గీనా


బ్ర్నో, మార్చి

అక్కా,

ఆఖరి వారం మాకూ వచ్చింది. ల్యూత్కా రానంది. హానా వెక్కి వెక్కి ఏడ్చింది.

నువ్వు ముందే సంబరపడి ఉత్తరం రాసేశావు, ఎందుకో నాకు అర్థం కాలేదు. నన్ను మభ్యపెడదామనుకున్నావా? పిల్లలు అబద్ధం చెప్పరు.

మాట మాటే. కిరిల్‌కి చెప్పేశాను, వాటాలో కిటికీ దగ్గర మంచం వేస్తాడు. పరుపు నొయికాకి ఇచ్చెయ్.

రుసా


సెవ్లియెవో, మార్చి

రుసా,

నీ ఉత్తరం చదివి, నిజం చెబుతున్నాను, ముందు కోపమొచ్చింది. నా జన్మలో నీకు అబద్ధం రాశానా? తర్వాత జ్లాటినాకి ఫోన్ చేశాను, బొమ్మల మాటలు మీ టీవీవాళ్లు మార్చేశారేమోనని.

"వాళ్లేమీ మార్చలేదమ్మా. అక్కడ మాటలే లేవు, మార్చడానికి."

"మరి రానందని ఎందుకంటుంది మీ పిన్ని?"

జ్లాటినా నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"అమ్మా... తల. ల్యూత్కా తల ఎటు ఊపింది?"

"అడ్డంగా. అటూ ఇటూ. అవునన్నట్టు."

"మనకి అవును. వాళ్లకి?"

రుసా! మన ఊళ్లో అడ్డంగా ఊపితే అవును, తల పైకెత్తితే కాదు. మీ ఊళ్లో తిరగేసి! స్టూడియోలో కూడా గొడవైందట, బయట దేశాలకు అమ్మే సినిమా కదా, వాళ్లలాగా ఊపిద్దామని. వాళ్ల దర్శకుడు, "మన మిరపకాయ మనలాగే ఊపుతుంది," అని పట్టుబట్టాడట. దొరికాడు చూడు పట్టుబట్టేవాడు!

నువ్వు వెళ్లిన మొదటి ఏడాది నువ్వే రాశావు, మరిచిపోయావా? సంతలో ఆడవాళ్లు "టమాటాలు తాజావేనా?" అని అడిగితే నువ్వు నవ్వుతూ తల అడ్డంగా ఊపావు, అందరూ పక్క దుకాణానికి వెళ్లిపోయారు, మించో జుట్టు పీక్కున్నాడు. నువ్వు నేర్చుకోవడానికి ఎంత కాలం పట్టిందో. అలాంటిది నీ కళ్లతో నువ్వు చూసి కూడా, ఈ ఊళ్లో పుట్టి, ఆ తల ఎవరి తలో పోల్చుకోలేకపోయావా? హానా అంటే అక్కడి పిల్ల. నీకేమైంది? లేక పోల్చుకుని కూడా రాకుండా ఉండడానికి సాకు వెతికావా? అలా అయితే చెప్పెయ్. నేను భరిస్తాను. భరించలేను, కానీ చెప్పెయ్.

గీనా


బ్ర్నో, మార్చి నెలాఖరు

అక్కా,

నేను చూడలేదు.

కిందటి శీతాకాలం నుంచి సరిగ్గా చూడట్లేదు. ముందు మధ్యలో మచ్చ పడింది, తర్వాత మచ్చ చుట్టూ మాత్రమే మిగిలింది, ఇప్పుడు అదీ పొగలా ఉంది. డాక్టరు చూశాడు. ఇది శుక్లం కాదు, తీసేసేది కాదు అన్నాడు. నీ ఉత్తరాలు నాకు చదివిపెట్టే మన దేశపు మనిషి, పక్క తోట నెద్యాల్కాకీ, కిరిల్ వాళ్లకీ తప్ప ఎవరికీ చెప్పలేదు. వరసలు ఎక్కుతున్నాయని నువ్వు మొదటే అడిగావు. వరస కింద అట్టముక్క పెట్టి, దాని అంచు పట్టుకుని రాస్తున్నాను. ఇదీ అలాగే. చదవగలిగితే చదువు.

టీవీ రంగులదే. పెద్దది. హానా నా ఒళ్లో కూర్చుని చెబుతూ ఉంటుంది. ఇప్పుడు బండి వచ్చింది నానమ్మా, ఇప్పుడు మంచు పడుతోంది. చంటోడు ఎర్రబడ్డాడని చెప్పడం మర్చిపోయింది. ఆఖర్న, "నానమ్మా, రానంటోంది," అంది. నేను ఎలా అని అడగలేదు. ఎందుకు అడుగుతాను? పిల్ల ఏడుస్తుంటే.

అది బొమ్మకథ కదా, చివరికి ఇంటికి వస్తుందనే అనుకున్నాను. పిల్లల కథలు అన్నీ అలాగే అవుతాయి కదా. వచ్చేస్తానని నా నోటితో రాయలేక ఆ బుల్లిదాని నెత్తిన పెట్టాను. అది వస్తానంటే ప్రమాణం చేశాను కదా అని బయల్దేరి వచ్చేదాన్ని, గుమ్మంలో నిలబడ్డాక నీకు కళ్ల సంగతి తెలిస్తే తెలిసేది. అది రానంది అనగానే, అక్కా, నాకు ఏదో కింద నుంచి లాగేసినట్టైంది. సరే, ఇదే మంచిదిలే అనుకున్నాను.

ఇప్పుడు అవునందని తెలిసింది. అయినా మళ్లీ ఆలోచించు. నీ దారం పంపావు. ఏది ఎరుపో ఏది తెలుపో వేలికి తెలియదు. అలాంటి చెల్లెలు నీకు వస్తుంది. పొద్దున్నే లేచి నీ కాళ్ల నొప్పులతో నాకు బూట్లు వెతికి పెట్టాలి. చారు నా ముందుకు జరపాలి. పట్టపగలు దీపం వెలుగుతోందా అని అడిగితే జవాబు చెప్పాలి. ఊళ్లో ఎవరైనా పలకరిస్తే నేను వేరే వైపు నవ్వుతాను. నాకు సిగ్గుగా ఉంటుంది, నీకు ఇంకా ఎక్కువ. నువ్వు అసలే చీమ కుడితే మూడు రోజులు నిద్రపోనిదానివి.

వెంటనే రాయకు. బాగా ఆలోచించి రాయి.

రుసా


సెవ్లియెవో, ఏప్రిల్

రుసా,

వెంటనే రాస్తున్నాను.

నీ ఉత్తరం గేటు దగ్గరే విప్పాను. చదివాక, ఇప్పుడు గుండె దడ వస్తుంది, కూర్చోవాలి అనుకుని కంచె పట్టుకుని నిలబడ్డాను. రాలేదు. కాసేపు ఎదురుచూశాను. రాలేదు. లోపలికెళ్లి నీ బొంత ఎండలో వేశాను.

తర్వాత కళ్లు మూసుకుని ఇల్లంతా నడిచాను, ఎక్కడ ఏం తగులుతుందో చూద్దామని. పొయ్యి పక్క బల్ల తొడకు గుచ్చుకుంది, జరిపేశాను. గడప ఎత్తు, దానికి తివాచీ కొట్టించాలి. అమ్మ పెట్టె మోకాలికి తగిలి నక్షత్రాలు కనిపించాయి. ఆ సమయానికి నొయికా వచ్చింది.

"గీనా, కళ్లు మూసుకుని నీ ఇంట్లో నువ్వు దొంగలా తిరుగుతున్నావేంటి? మతి పోయిందా?"

"రుసాకి కళ్లు కనబడవు. చూస్తున్నాను, ఎలా ఉంటుందో."

మామూలుగా ఏదో ఒకటి అనేది. ఈసారి ఆ పెట్టె రెండో వైపు పట్టుకుంది. వాళ్ల వరండాలో పెట్టించాం.

సిగ్గని రాశావు. ఎవరు చూసి నవ్వుతారు? పక్కవైపు నవ్వితే ఆ పక్కవైపు వాళ్లకి లాభం. ఇక నేను ఆలోచించింది చెబుతాను. నువ్వు రావడం గురించి కాదు, అది నువ్వు చెప్పాలి. నేనే వస్తున్నాను. టికెట్టు గురించి స్టేషన్ మాస్టారుని అడిగాను. సోఫియాలో ఎక్కాలట, బెల్‌గ్రేడ్ మీదుగా, బుడాపెస్ట్‌లో దిగి వేరేది ఎక్కాలట. బుడాపెస్ట్ స్టేషన్లు రెండు ఉన్నాయట, ఏది ఏదో ఆయనకే సరిగ్గా తెలియదు. నాకు భాష రాదు. నీకు తెచ్చే జున్నురొట్టె, మన బానిత్సా, సరిహద్దు దగ్గర తీసేసుకుంటారేమో. మరుగుదొడ్డిలో తలుపు గడియ పడిపోతే ఎవరు తీస్తారు? చేతిసంచీ దొంగలు ఉంటారట, డబ్బు మేజోడులో పెట్టుకుంటాను. ఇవన్నీ అనుకుంటూ కూడా ఉన్ని సంచీ సర్దుతున్నాను.

నీ పక్కన కూర్చుంటాను. కావాలంటే ఇద్దరం కిరిల్ కిటికీ దగ్గరే కూర్చుందాం. లేదూ, వెనక్కి తీసుకొస్తాను. ఏదో ఒకటి. అంతేగానీ తలలు వద్దు ఇక. నీ తల ఇటు నా తల అటు ఊగి మనం చచ్చేలా ఉన్నాం. నాకు నోటితో చెప్పు.

గ్యోర్గీ పండుగకు ముందు వారంలో ఎక్కుతాను.

గీనా


బ్ర్నో, ఏప్రిల్

అక్కా,

ఇది నెద్యాల్కా రాస్తోంది, నేను చెబుతున్నాను. దాని దస్తూరి బాగుంటుంది, తప్పులు దానివే. (తప్పులు నావి కాదు. నెద్యాల్కా)

బయల్దేరకు! నీ ఉత్తరం కిరిల్ చేత చదివించి, హానాకి చెక్ భాషలో చెప్పించాం, బుడాపెస్ట్ దగ్గరికొచ్చేసరికి వాడు తల పట్టుకున్నాడు. "అమ్మా, పెద్దమ్మ ఆ స్టేషన్లో దిగిందంటే మనం హంగరీ అంతా వెతకాలి," అన్నాడు. సరిహద్దు దగ్గర నీ బానిత్సా కోసం నువ్వు సైనికులతో పెట్టుకుంటావు. నాకు తెలుసు. అటు నుంచి నువ్వు ఒక్కదానివి రైల్లో ఉన్నావని తెలిస్తే నేను ఇక్కడ కూర్చోలేను. గుడ్డిదాన్నే, రాయిని కాదు.

కిరిల్ సెలవు పెట్టాడు. నన్ను వెంటబెట్టుకుని పండుగకు ముందే తీసుకొస్తాడు, రెండు రోజులు ఉండి వెళ్తాడు. వాడికి నీ మిరప పచ్చడి కావాలట. యార్మిలా ఏడ్చింది, నేను అనుకోలేదు. హానా వేసవి సెలవులకు వస్తుంది. తోటలో ఆఖరి మొక్కలు నెద్యాల్కాకి ఇచ్చేశాను.

"వస్తానని రాయనా?" అని నెద్యాల్కా అడిగింది. తల ఊపాను. దాని మొహం ఎలా ఉందో నాకు కనిపించదు గానీ, "రుసా, మన ఊరి ఊపా, ఇక్కడి ఊపా?" అంది. దానికీ ఇక్కడ ముప్పై ఏళ్లు అయ్యాయిలే. అందుకని నోటితో చెప్పాను. దాని చేత పెద్ద అక్షరాలతో రాయిస్తున్నాను, నీకు అనుమానం లేకుండా.

అవును. వస్తాను.

ఇంకొకటి. ఆ పెట్టె నొయికా ఇంటి నుంచి తెప్పించు. కిటికీ కింద, గోడకు ఆనించి, మూత కొక్కెం గది వైపుకి. అది అక్కడే ఉండాలి. నేను నడక నేర్చుకుంది దాన్ని పట్టుకునే. పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఉండి, కళ్లు మూసుకుంటే దానికే గుద్దుకున్నావంటే, గీనా, చూసుకోవాల్సింది నువ్వు నన్ను కాదు. నేను నిన్ను.

రుసా